చెట్లు లేని వంపులు

ఈవేళ పొద్దున్న కాలవగట్టు పార్కులో, మా ఊరికి కొత్తగా బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగి ఒకాయన నా పక్కన నడుస్తూ, ఈ నడకబాట ఇలా పాములా మెలికలు తిరిగి ఉందేమిటండీ, ఎవరు వేశారండీ అని అడిగారు. వెనకాల వస్తున్న కొబ్బరి వర్తకులు నాకంటే ముందే అందుకుని, "కాంట్రాక్టరు తాగేసి వేసేడండి, ఆయ్!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, తరవాత రెండు చుట్లు తిరిగి ఇంటికి వచ్చేశాను. ఆ మెలికలు తొమ్మిది. ఒక్కో మెలికలో ఒక్కో చెట్టు ఉండేదని ఆయనకి చెప్పవలసినవాణ్ణి నేనే. అవి ఎలా పోయాయో కూడా నాకే బాగా తెలుసు.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మేం వయసులో ఉన్న రోజుల్లో అది పార్కు కాదు, ఉత్త కాలవగట్టు. అక్కడి లాకుల దగ్గర మా బావగారు, అంటే అక్కయ్య భర్త, లష్కరుగా పనిచేసేవారు. లాకు తలుపులు తిప్పి పడవలని దాటించడం, నీటిమట్టం చూసి రాసుకోవడం, గట్టు ఎక్కడా కోసుకుపోకుండా కనిపెట్టుకుని ఉండడం ఆయన పని. పెళ్ళయిన ఏడాదే ఆయన ఆ గట్టు మీద వరసగా పది నిద్రగన్నేరు మొక్కలు నాటారు. అక్కయ్య కాలవలోంచి బిందెలతో నీళ్ళు మోసి పోసింది. నేను అప్పుడే ఒక దినపత్రికకి వార్తలు రాయడం మొదలుపెట్టాను. పలివెల నుంచీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ సైకిలు మీద తిరిగి తెచ్చిన కబుర్లన్నీ ఆ చెట్ల కిందే, కాళ్ళ మీద అట్ట పెట్టుకుని, ఎదిగీ ఎదగని ఆ నీడలో రాసేవాణ్ణి. రాసిన కవరు సాయంత్రం రావులపాలెం వైపు వెళ్ళే బస్సు డ్రైవరు చేతికి అందిస్తే గానీ ఆ వార్త మర్నాటి పేపర్లోకి వెళ్ళదు. నా దగ్గర వాచీ లేదు, బావగారి దగ్గరా లేదు. నిద్రగన్నేరు ఆకు పొద్దు వాలేసరికి ముడుచుకుంటుంది కదా, అదే మా గడియారం. "ఆకు ముడిచింది పేపరాయనా! నీ బస్సు నీకోసం ఆగుతుందా ఏంటి, లేవవయ్యా!" అని ఆయన లాకు మీంచి కేకేసేవారు. నేను చెప్పులు వదిలేసి పరిగెత్తిన రోజులున్నాయి.

ఆ పదింటిలో ఒకటి అప్పట్లోనే పోయింది. వేసవిలో కాలవ కట్టేసి పూడిక తీసినప్పుడు, ఆ మట్టిని కూలీలు తెలియక ఒక చెట్టు మొదట్లో గుట్టగా పోశారు. ఏ కొబ్బరితోటలోనైనా చేసే పనే కదా అది. ఏటా కాలవమట్టి తెచ్చి కొబ్బరి మొదట్లో వేస్తే చెట్టు తేరుకుంటుందని కోనసీమలో ఎవరిని అడిగినా చెబుతారు. మరుసటి ఏడాదికి ఆ నిద్రగన్నేరు నిలువునా ఎండిపోయింది. బావగారు దాని బెరడు గోటితో గీకి చూపించి, "కొబ్బరి సంగతి వేరు బావమరిదీ. దానికి ఎంత మట్టేస్తే అన్ని కొత్త వేళ్ళు దిగుతాయి. దీనికి అలాక్కాదు. నిద్రపోయేవాడి మొహం మీద బస్తా పరిచినట్టే" అన్నారు. నేను విన్నాను. రాసుకోలేదు. ఒక చెట్టు చచ్చిపోవడం వార్త అవుతుందని ఆ వయసులో నాకు తోచలేదు.

తరవాత పడవలు పోయాయి, లాకుల్లో పని పోయింది, బావగారూ నేనూ రిటైరయ్యాం. గట్టు పార్కయింది. ఆ తొమ్మిది చెట్లూ ఇంతింత గొడుగులై గట్టంతా కప్పేశాయి. అయితే వానాకాలం వస్తే ఆ బాట అంతా జారుడు బురద. ఒకనాడు అక్కయ్య అక్కడే జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆర్నెల్లు మంచం మీద ఉంది. కాబట్టి మంచి బాట కావాలని మొదట పంచాయతీకి అర్జీ పెట్టింది మా బావగారే. ఈ సంగతి చెప్పకపోతే ఆయనకి అన్యాయం చేసినవాణ్ణవుతాను.

బాట మంజూరైంది. అడ్డంగా ఉన్న తొమ్మిది చెట్లూ కొట్టేసి తిన్నగా వేస్తామన్నారు. అప్పటికీ ఒకటీ అరా వార్తలు పంపుతూనే ఉన్నాను కనక, వరసగా నాలుగు రోజులు రాశాను. ఊళ్ళో కదలిక వచ్చింది, సమావేశం పెట్టారు. అందరికీ నచ్చిన రాజీ కుదిరింది: చెట్టు ఉన్నచోటల్లా బాట పక్కకి వంపు తిరుగుతుంది, నీళ్ళు నిలవకుండా గట్టుని మోకాలెత్తు మెరక చేసి, చెట్ల మొదళ్ళ దాకా సిమెంటు పలకలు పరుస్తారు. వెనక కూచున్న బావగారు లేచి, చెట్ల మొదట్లో మెరక వద్దండీ, కావలిస్తే ఆ నీళ్ళు కాలవలోకి పోయేలా చిన్న బోదె తవ్వండీ అన్నారు. కుదిరిన రాజీ ఎక్కడ చెదిరిపోతుందోనని నాకు భయం వేసింది. నేను లేచి, "చెట్టుకి మట్టి వెయ్యడం కోనసీమవాడికి ఒకరు నేర్పాలా బావగారూ!" అన్నాను. సభంతా గొల్లున నవ్వింది. చప్పట్లు కొట్టారు. ఆయన నా వంక ఒకసారి చూసి కూచున్నారు. ఎండిన ఆ పదో చెట్టు నాకు ఆ నిమిషంలో గుర్తు రాలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. గుర్తు వచ్చిందేమో కూడా.

మర్నాడు "చెట్లూ దక్కాయి, బాటా వచ్చింది" అని శీర్షిక పెట్టి పంపాను. అక్కయ్య చేతికర్ర పట్టుకుని కొత్త బాట మీద నడిచిన రోజున నా కళ్ళు చెమర్చాయి.

రెండో వేసవికి ఆకులు పొద్దెక్కినా విచ్చుకోవడం మానేశాయి. ముందు పైకొమ్మలు ఎండాయి, తరవాత బెరడు పెచ్చులుగా రాలింది. ఎండినవి ఎవరి మీద పడతాయోనని ఒకదాని తరవాత ఒకటి కొట్టేస్తూ వచ్చారు. కొట్టినచోటల్లా గుండ్రంగా సిమెంటు పోశారు. చివరికి లాకుల పక్కనున్న ఒక్కటే మిగిలింది.

వారం రోజులు నడక మానేసి, ఒకరోజు పొద్దున్నే వెళితే ఆ చెట్టు చుట్టూ పలకలు పెకిలించేసి మోకాలి లోతు గొయ్యి తవ్వి ఉంది. నాకు అక్కయ్యే కళ్ళ ముందు కనబడింది. మళ్ళీ పడితే ఇక లేవదు. ఎవరో తుంటరుల పని అనుకుని, ఫోనుతో ఫోటో తీసి, పార్కులో ప్రమాదకరంగా గొయ్యి అని నాలుగు వాక్యాలు రాసి పంపేశాను. మర్నాడు పేపర్లో వచ్చింది. మధ్యాహ్నంలోపల మనుషులు వచ్చి గొయ్యి పూడ్చి, దిమ్మిసతో అణగ్గొట్టి, పైన సిమెంటు పోసి వెళ్ళారు. ఇన్నేళ్ళ నా పత్రికా జీవితంలో నేను రాసినదానికి అంత త్వరగా కదలిక రావడం ఎప్పుడూ చూడలేదు.

ఆ సాయంత్రం ఆ సంబరంతోనే అక్కయ్యని చూడ్డానికి వెళ్ళాను. అక్కయ్య బావగారి నడుముకి మందు రాస్తోంది. "ఒరే తమ్ముడూ, ఈ వయసులో పార పట్టుకుని నాలుగు రోజులు తవ్వేర్రా ఈయన! ఒక్కటైనా ఊపిరి పీల్చుకుంటదేమోనంట!" అంది. పక్కన స్టూలు మీద ఆనాటి పేపరు మడత విప్పి ఉంది. నేను దాన్ని మడిచి పెట్టబోయాను. ఆయనే మాట్లాడారు. "బాగానే రాసేవు. గొయ్యంటే ప్రమాదమేగా మరి. మీ అక్క పడలేదూ!" అన్నారు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

ఆ చెట్టు వానాకాలం దాటలేదు.

ఇప్పుడు బాట శుభ్రంగా ఉంది, ఎవరూ జారడం లేదు. ఎండ ఎక్కాక అక్కడ ఎవరూ ఉండడమూ లేదు; సిమెంటు బల్ల మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఈవేళ పార్కులోంచి వచ్చేస్తుంటే ఆ వర్తకులు వెనకనించి పిలిచి, అడ్డం లేని వంపులు ఇంకా ఎందుకండీ, తిన్నగా చెయ్యమని ఓ ముక్క రాయండి అన్నారు. సరేనన్నాను. ఆ ముక్క రాయడానికి కూచునే ఇదంతా రాశాను.

సాయంత్రం బావగారు అక్కయ్య చెయ్యి పట్టుకుని నడుస్తుంటే వాళ్ళ వెనక నడిచాను. అందరూ ఆ గుండ్రటి సిమెంటు మీంచి అడ్డంగా దాటి పోతున్నారు. ఆయన మాత్రం ఒక్కో వంపు దగ్గరా ఆగి, అక్కయ్యని జాగ్రత్తగా పక్కకి తీసుకుని, చుట్టూ తిరిగే వెళుతున్నారు. మా రోజుల్లో కాళ్ళ కింద బురద ఉండేది, నెత్తి మీద నీడ ఉండేది. రెండూ కలిపి ఒకేసారి బాగుచేసుకోవడం మాకు చేతకాలేదు. పొద్దు వాలింది. రావులపాలెం వైపు వెళ్ళే బస్సు హారను కొడుతూ వంతెన దాటింది. ఆయన అలవాటుగా ఆకు కోసం తల పైకెత్తి చూసి, దించుకున్నారు.