తాళం లేని ప్రార్థనలు

నా ఉద్యోగం ఏమిటో తెలిశాక చుట్టాలు రెండే ప్రశ్నలు అడుగుతారు. అక్కడ కిడ్నీలు అమ్ముతారట నిజమేనా అని ఒకటి, ఆడపిల్లవి, నీకు భయం వేయదా అని ఇంకొకటి. కిడ్నీల సంగతి నాకు తెలియదు. భయం కొత్తలో వేసింది, తర్వాత విసుగే మిగిలింది. ఇంటర్నెట్ అడుగున ఏదో పాతాళలోకం ఉందనీ, ముసుగులు తగిలించుకున్న మహా మేధావులు అందులో తిరుగుతుంటారనీ జనం ఊహించుకుంటారు. నేను చూసినంతలో అదొక మురికి సంత. సరుకులో సగం నకిలీ. మోసగాళ్ళు సాటి మోసగాళ్ళ చేతిలో మోసపోయి, ఫలానావాడు పనికిరాని సరుకు అంటగట్టాడు, వాడి దగ్గర కొనకండి అని లబోదిబోమంటూ రాసుకుంటారు. దొంగిలించిన పాస్‌వర్డులకు రివ్యూలూ స్టార్లూ ఉంటాయి. ఒక్కో పేజీ తెరుచుకునేలోపు కిందికి వెళ్ళి టీ తాగి రావచ్చు.

మా ఆఫీసు బెంగళూరు కుందలహళ్ళిలో ఉంది. కొన్ని కంపెనీల తరఫున మేం ఆ సంతలో కాపలా కాస్తాం. వాళ్ళ ఖాతాదారుల వివరాలు ఎక్కడైనా అమ్మకానికి వస్తే ముందుగా పసిగట్టి చెప్పాలి. నిజానికి ఇంటర్నెట్‌లో ఎక్కువ భాగం వెతికితే దొరకనిదే. మీ బ్యాంకు ఖాతా, మీ రక్తపరీక్ష రిపోర్టు, మీ ఆఫీసు మెయిలు, అన్నీ తలుపుల వెనకే ఉంటాయి. డీప్ వెబ్ అంటే అదే. అందులో తప్పేమీ లేదు, మన ఇళ్ళకూ తలుపులు ఉన్నాయి కదా. తలుపు వెనక ఉండాల్సింది బయటికి జారి, ప్రత్యేకమైన బ్రౌజరు ఉంటే తప్ప చేరలేని చీకటి సైట్లలో, అంటే డార్క్ వెబ్‌లో, తేలినప్పుడే మా అవసరం పడుతుంది.

ఒక మధ్యాహ్నం, భోజనం చేసి వచ్చి కూర్చున్నాను. ఒక సైట్లో కొత్త సరుకు కనబడింది. మనుషుల గొంతులు. ఏ భాష కావాలంటే ఆ భాష. ఒక మనిషి కాసేపు మాట్లాడిన రికార్డింగు ఉంటే చాలు, అదే గొంతుతో మనకు కావలసిన మాటలు పలికించే యంత్రాలు వచ్చేశాయి. వాటికి మేత ఈ గొంతులు. కొనేవాళ్ళు రుచి చూడటానికి కొన్ని ఉచితంగా పెట్టారు. తెలుగు అని రాసి ఉన్న ఫైలు నొక్కాను. మా క్లయింటు కాల్ సెంటర్ రికార్డింగులేమోనని అనుమానం.

హెడ్‌ఫోన్లలో మా అక్క ఏడుస్తోంది.

అక్క అంటే తోడబుట్టినది కాదు. గుంటూరు పక్కన మా ఊరి పాస్టరుగారు, బెంగళూరులో మన సంఘపు నర్సమ్మ ఉంది, వెళ్ళి కలువు అని నంబరు చేతిలో పెట్టి పంపితే, హెబ్బగోడిలో ఆమె గది వెతుక్కుంటూ వెళ్ళాను. చుట్టూ ఫ్యాక్టరీ కూలీల గదులు, బట్టలు ఆరేసిన వరండాలు. ఒక గది, ఒక వంటగది. తలుపు తీసి, నా పేరు కూడా అడగకుండా, "అన్నం తిన్నావా?" అంది. ఉద్యోగం కుదిరి కుందలహళ్ళికి మారేదాకా అక్కడే పడి ఉన్నాను. ఆమె భర్త అప్పటికే పోయాడు. కూతురు ఇప్పుడు మంగళూరు హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. అక్క రోజూ అన్నం తిన్నాక ఒక మాత్ర వేసుకునేది. ఏంటక్కా అంటే, "బీపీలే" అనేది. నేనూ అదే అనుకున్నాను.

నాకు దేవుడి మీద పెద్దగా నమ్మకం లేదు. అయినా ఆదివారం గుడికి వెళ్ళేదాన్ని, అక్క కోసం. మా గుడి అంటే ఒక హార్డ్‌వేర్ షాపు మీద అద్దెకు తీసుకున్న హాలు. అక్కడ ప్రార్థన చేసే పద్ధతి తెలియనివాళ్ళు మొదటిసారి వింటే హడలిపోతారు. అందరూ ఒక్కసారే లేచి, ఎవరి గోడు వాళ్ళు గొంతెత్తి దేవుడికి చెప్పుకుంటారు. తాగుబోతు మొగుడి సంగతి, పోయిన ఉద్యోగం సంగతి, కడుపులో గడ్డ సంగతి, అన్నీ పైకే. పక్కవాళ్ళు వింటారన్న బెంగ ఎవరికీ ఉండదు, ఎందుకంటే పక్కవాళ్ళూ అరుస్తూనే ఉంటారు. నా దృష్టిలో ఆ గోలే తాళం. ఆ హాల్లో అందరికంటే పెద్ద గొంతు మా అక్కది. నేను ఆమె పక్కన పెదవులు కదుపుతూ, ఫ్యాను చూస్తూ నిలబడేదాన్ని.

కరోనా రోజుల్లో హాలు మూతపడింది. ప్రార్థన అవసరాలను వాయిస్ మెసేజిగా పంపండి, పాస్టరమ్మగారు పొద్దున్నే విని మీ కోసం మోకరిస్తారు అని చెప్పారు. పేరు, ఊరు, సమస్య వివరంగా చెప్పమన్నారు. వివరంగా చెప్పకపోతే దేవుడికి తెలియదా అని నేను అప్పుడే వెటకారం చేశాను. అక్క నా నెత్తిన ఒక్కటిచ్చింది. హాలు మళ్ళీ తెరిచాక కూడా ఆ అలవాటు పోలేదు. ఎవరూ లేనప్పుడు గదిలో కూర్చుని, ఒక్క మనిషి చెవిలో చెప్పుకోవడం జనానికి బాగా నచ్చింది. కానీ అక్కడ గోల లేదు. ఒక్కొక్క గొంతూ విడిగా, శుభ్రంగా, స్పష్టంగా రికార్డయింది.

ఆ ఫైలు మొత్తం విన్నాను. వినకుండా ఉండాల్సింది. కానీ అది నా పని, ఏం బయటపడిందో తెలియాలంటే వినాలి. భర్త తనకు అంటించి పోయిన జబ్బు పేరు చెప్పింది, హెచ్‌ఐవీ. మాత్రలు వేసుకుంటున్నానని, ఒంట్లో బాగానే ఉందని చెప్పింది. కూతురికి ఇంకా తెలియదని చెప్పింది. "ప్రభువా, నా బిడ్డకి ఇంకొకరి ద్వారా తెలియనివ్వకు. దాని చదువు అవ్వగానే, ఎదురుగా కూర్చోబెట్టుకుని నా నోటితో నేనే చెప్తాను. ఆ ధైర్యం ఒక్కటివ్వు." ఆమె అడిగింది అంతే. నేను హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, వాష్‌రూమ్‌కి వెళ్ళి చాలాసేపు కుళాయి కింద చేతులు పెట్టుకుని ఉండిపోయాను.

ఇంకా వెతికితే మా సంఘమంతా అక్కడ ఉంది. అక్కవే మరికొన్ని ఉన్నాయి. కూతురి పరీక్షల కోసం పంపిన ఒకదానిలో ఆ పిల్ల పేరు, కాలేజీ, ఫోన్ నంబరు కూడా చెప్పింది, పాస్టరమ్మగారు స్వయంగా ఫోన్ చేసి దీవించాలని.

ఆ సాయంత్రమే సంఘపెద్ద ఇంటికి వెళ్ళాను. ఆయన తాతల కాలం నుంచి బెంగళూరులో స్థిరపడ్డవాడు. రికార్డింగులన్నీ ఆయనే ఒక ఆన్‌లైన్ ఫోల్డర్‌లో పెడుతున్నాడు. దానికి పాస్‌వర్డ్ లేదు. లింకు దొరికితే ఎవరైనా తెరవచ్చు. ఇలా తాళాల్లేని తలుపుల్ని వెతికి ఊడ్చుకుపోవడానికి యంత్రాలు రాత్రింబవళ్ళు తిరుగుతుంటాయని నేను చెబితే ఆయనకు నమ్మబుద్ధి కాలేదు.

"అమ్మగారికి పాస్‌వర్డు గ్యాపకం ఉండదు కదమ్మా. అందుకే వద్దన్న్యా. దేవుడి పనికి బీగం ఏంటికి? యాడో మూల ఉండాది, ఎవురు జూస్తారులే అనుకుంట్యా."

"చూశారండీ. అమ్ముకుంటున్నారు."

"ప్రార్థనలు అమ్ముకుంటారా?"

ఆ ప్రశ్న అడిగినప్పుడు ఆయన మొహం చూసి నాకు కోపం రావాల్సింది పోయి జాలేసింది. ఆ జాలికి మళ్ళీ నా మీద నాకే ఒళ్ళు మండింది. దగ్గరుండి ఫోల్డర్ తీసేయించాను. "ఇప్పుడేమీ లేదు కదమ్మా? ఆ తట్టు ఉండేది గూడా పోయినట్లేనా?" అని అడిగాడు. లేదన్నాను. బయటికి పోయిన కాపీలు పోయినట్టే, ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు. నా ఉద్యోగంలో ఇంతమందికి ఇదే మాట చెప్పాను, కానీ ఇంటికెళ్తే కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చిన మనిషికి చెప్పడం అదే మొదటిసారి.

అక్కడి నుంచి అక్క గదికి వెళ్ళాను. ఆమె డ్యూటీ నుంచి వచ్చి బియ్యం కడుగుతోంది. "ఏంటే, చెప్పాపెట్టకుండా ఊడిపడ్డావ్?" అంది. చెప్పాను. జబ్బు పేరు మాత్రం నేను పలకలేదు. "అది కూడానా?" అని అడిగింది. తల ఊపాను.

అక్క కడిగిన బియ్యం పొయ్యి మీద పెట్టి, మంట సరిచేసి, వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఎక్కడి వాళ్ళు, ఏం చేసుకుంటారు అని అడిగింది. గొంతును ఎలా వాడతారో చెప్పాను. "ముందు పిల్లకి ఫోన్ చెయ్యక్కా. నీ గొంతుతో ఎవరైనా మాట్లాడితే నమ్మొద్దని చెప్పు" అన్నాను.

"ఎందుకు అని అడుగుతుందిగా. దాని సంగతి నీకు తెలీదు, కూపీ లాగుతుంది. ఇది ఫోన్లో చెప్పే మాటా? శనివారం బస్సెక్కి నేనే వెళ్తాను. చదువు అయ్యేదాకా అనుకున్నా, ఇంక ఆగడం దేనికి? ఎదురుగా కూర్చుని నేనే చెప్తా."

నాకు మనసొప్పలేదు. గట్టిగానే వాదించాను. కానీ ఇన్నేళ్ళు మోసిన మాటను ఎలా దించుకోవాలో తేల్చుకునే హక్కు ఆమెది. అప్పటికప్పుడు నా చేత బస్సు టికెట్టు తీయించింది. ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకుంది.

శనివారం రాకముందే ఆ ఫోను వెళ్ళింది. ఒక పొద్దున పిల్ల హాస్టల్లో ఉండగా, కొత్త నంబరు నుంచి, అమ్మ గొంతుతో. ఏడుస్తూ జబ్బు సంగతంతా చెప్పింది. మీ నాన్న నుంచి వచ్చింది, నీకు చెప్పడానికి భయపడ్డాను అంది. ఇప్పుడు ఒంట్లో అస్సలు బాగాలేదని, తన ఫోను పాడైందని, వేరే ఆసుపత్రిలో ఉన్నానని, చేర్చుకోవాలంటే డబ్బు కట్టాలని చెప్పి ఒక ఖాతా ఇచ్చింది. పిల్ల తన దగ్గరున్న ఫీజు డబ్బు పంపేసి, తిరిగి చేస్తే ఆ నంబరు కలవక, పరీక్ష మానేసి, బస్సెక్కి రాత్రికి హెబ్బగోడి వచ్చింది. అక్క నైట్ డ్యూటీకి వెళ్తూ తలుపు తాళం వేస్తోంది.

అక్క ఫోన్ చేస్తే నేను వెళ్ళేసరికి ఇద్దరూ మంచానికి చెరో చివరా కూర్చుని ఉన్నారు. ఆ గొంతు అమ్మది కాదని నేనే విడమరచి చెప్పాల్సి వచ్చింది. పిల్ల విన్నది. అర్థం చేసుకుంది కూడా. అయినా తల్లి వైపు తిరిగి, "నేను నర్సునవుతున్నానమ్మా. రోజూ వార్డులో ఇలాంటి వాళ్ళకి ధైర్యం చెప్తున్నా. నీకు చెప్పనా?" అంది.

అక్క మంచం మీది దుప్పటి ముడతలు సరిచేస్తోంది.

"ఆ ఫోన్లో ఎంత ఏడ్చావో తెలుసా? నేనూ ఏడ్చా. మా అమ్మ ఇన్నాళ్ళకి నా దగ్గర మనసు విప్పింది అనుకున్నా. నా ముందు నువ్వు ఒక్కసారైనా అలా ఏడవలేదు కదమ్మా."

అక్క లేచి వంటగదిలోకి వెళ్ళింది. లోపల కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. ఆ గదిలో నేను ఉండకూడదనిపించింది, అయినా ఉన్నాను. ఆ సైట్లో గొంతులు అమ్ముకున్నవాడు ఎదురుగా ఉంటే పీక పిసికేదాన్ని. వాడు ఏ దేశంలో ఉన్నాడో, అసలు ఒక్కడో పదిమందో కూడా నాకు తెలియదు.

పోలీసుల దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడి ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. ఒరిజినల్ రికార్డింగు సాక్ష్యంగా ఇవ్వాలి, ఎవరికైనా వినిపించి రాయించాలి అన్నాడు. అక్క కుర్చీలోంచి లేచింది. "ఇంకోసారి అందరి ముందూ వినిపించాలా? వద్దులే బాబూ" అంది. డబ్బు సంగతి వరకే ఫిర్యాదు రాసిచ్చి వచ్చేశాం. పిల్ల తిరిగి మంగళూరు వెళ్ళింది. ఫోన్ చేస్తుంది, తల్లికి మాత్రలు గుర్తు చేస్తుంది. కానీ తల్లి ఫోన్ చేసినప్పుడు మాత్రం కట్ చేసి, వీడియో కాల్ చేస్తుంది. మొహం కనబడితే గానీ మాట్లాడదు.

గుడిలో అందరికీ తెలిసిపోయింది, అక్క గురించి అని కాదు, రికార్డింగులు బయటికి పోయాయని. కొందరు రావడం మానేశారు. వచ్చేవాళ్ళు ఎప్పటిలాగే లేచి గొంతెత్తుతున్నారు. అక్క మాత్రం నోరు మెదపదు. కళ్ళు మూసుకుని నిలబడుతుంది. ఆ గొంతు లేకపోవడంతో హాల్లో మా వరస ఖాళీగా ఉన్నట్టుంటుంది. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూడటం మొదలుపెట్టారు.

మొన్న ఆదివారం, గోల మంచి ఊపులో ఉండగా, అక్క నా చెవి దగ్గరికి వంగింది.

"అదింకా ఉందా అక్కడ?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. నాకు నోరు రాలేదు. సోమవారం సోమవారం ఆ సైటు తెరిచి చూస్తూనే ఉన్నాను మరి.

"ఉందక్కా."

"అయితే అక్కడ నేనింకా అడుగుతూనే ఉన్నానన్నమాట. నా నోటితో నన్నే చెప్పనివ్వమని."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. ముందు వరసలోంచి ఒకావిడ మళ్ళీ తిరిగి చూసింది. అక్క నా చెయ్యి గట్టిగా నొక్కి, "నువ్వు చెయ్యవే. గట్టిగా చెయ్యి. అందరూ ఇటే చూస్తున్నారు" అంది. నాకు ప్రార్థన రాదు. అడగడానికి ఏమీ తోచలేదు కూడా. అయినా కళ్ళు మూసుకుని, ఆమె మౌనం ఎవరికీ వినబడకుండా, నోటికొచ్చిందల్లా అరుస్తూ నిలబడ్డాను.