కమాను కింద ఖాళీ లారీ

ఆ పొద్దున్న మా బాబాయి సిమెంటు కొట్టు పెరటి గేటు దగ్గర హాజరైనవి ఇవి: సిమెంటు బస్తాలతో ఒక ఆరు చక్రాల లారీ, డ్రైవరు అప్పలరాజు, మా బాబాయి, ప్లాస్టిక్ కుర్చీలో మా మామ్మ, టేపు పట్టుకుని నేను. గేటు మీద కమాను. కమాను మీద మా తాతయ్య పేరు. వీటిలో ఏ ఒక్కటి తక్కువైనా ఆ పూట నర్సీపట్నంలో రోడ్డు ఆగేది కాదు. ముఖ్యంగా నేను.

అప్పటికి నేను కొత్తగా సివిల్ ఇంజనీరింగ్ పాసై ఉన్నాను. కనిపించిన ప్రతిదాన్నీ కొలిచే వయసు. మా వీధిలో అప్పుడే ఒక బోర్డు వెలిసింది: తొమ్మిది దాటాక రోడ్డు మీద లారీ ఆపి సరుకు దింపకూడదు, సొంత స్థలంలోనే దింపుకోవాలి. బాబాయి లారీ పదింటికి ముందు ఏనాడూ రాలేదు.

"పెరడుంది కదా బాబాయ్, నేను చూసుకుంటాను," అన్నాను.

చూసుకున్నాను. పెరట్లో పసుపు గీతలు గీశాను. చక్రాలు ఆగే చోట బాణాలు వేశాను. పైనుంచి చూసి విమానమేదైనా దిగిపోతుందేమో అన్నంత అందంగా వచ్చాయి.

మామ్మకి మాత్రం కమాను బెంగ. తాతయ్య పోయాక తను దగ్గరుండి కట్టించుకున్నది అదొక్కటే.

"దానికి సిన్న గీత పడినా ఊరుకోనొరే," అంది.

"కమాను పదడుగులు. లారీ తొట్టి మీద పట్టా కప్పే ఇనప చట్రం తొమ్మిది అడుగుల పదంగుళాలు. ఇంకా రెండంగుళాలు ఖాళీ, మామ్మా!"

"రెండంగుళాలంటే ఎంతరా?"

వేళ్ళతో చూపించాను.

"అంతేనా!" అని కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

అప్పలరాజు లారీని వెనక్కి నడిపాడు. చట్రం కమాను కిందనుంచి సరిగ్గా రెండంగుళాల తేడాతో లోపలికెళ్ళింది. బాబాయి నా భుజం తట్టాడు. పాఠకులారా, నా ఇంజనీరింగ్ జీవితంలో అత్యున్నత ఘట్టం అదే. అక్కడితో ఆపేసి ఇంటికెళ్ళిపోవలసింది.

కళాసీలు బస్తాలన్నీ దింపేశారు. లారీ బయల్దేరింది. ముందు భాగం రోడ్డెక్కింది, నడుము దాటింది, ఆ తర్వాత... టక్.

ఇనప చట్రం కమానుకి ఆనుకుని ఆగింది. రోడ్డుకి అడ్డంగా సగం లారీ, పెరట్లో సగం లారీ.

అప్పలరాజు తల బయటపెట్టాడు. "ఏటి బాబూ, మేం సరుకు దింపేలోగా మీ కమానేటైనా దిగిందేటి?"

పరుగెత్తి కొలిచాను. కమాను పదడుగులే. లారీ పదడుగుల ఒక అంగుళం! బరువు పడితే స్ప్రింగులు దిగుతాయి, బరువు తీస్తే లేస్తాయి. పరీక్షలో బొమ్మ గీసి మరీ రాశాను, మంచి మార్కులే వచ్చాయి. కొలిచింది మాత్రం నిండు లారీని.

"టైర్లలో గాలి తీద్దాం," అన్నాను.

"కొత్త టైర్లు బాబూ. అవి పోతే మీ సర్టిఫికెట్లు కట్టుకుని తిరగాలేటి?"

"పోనీ, ఆ చట్రం విప్పేద్దాం."

"వెల్డింగు సేసింది."

"అయితే సిమెంటు మళ్ళీ ఎక్కించి..."

"ఎక్కించి?" అన్నాడు బాబాయి. "బయటికెళ్ళాక రోడ్డు మీద దింపుతావా? బోర్డు సూడలేదా?"

కళాసీలు నావైపు చూసిన చూపు గురించి రాయను. ఇది నలుగురూ చదివేది.

ఈలోగా రోడ్డుకి రెండువైపులా బళ్ళు ఆగిపోయాయి. నాతవరం షేర్ ఆటోలు, బస్సు, చెరకు ట్రాక్టరు, అన్నీ ఒక్కసారే హారన్లు. బాబాయి చెమట తుడుచుకుంటూ మెల్లగా అన్నాడు: "అమ్మా, ఒక్క అంగుళమే. పైన కొంచెం సెక్కించేద్దాం."

మామ్మ లేచింది. కుర్చీ తెచ్చి లారీ పక్కనే, సరిగ్గా కమాను స్తంభానికి ఆనించి వేసుకుని కూర్చుంది.

"మీ నాన్న పేరు మీద సుత్తి పడాలంటే ముందు నామీద పడాలిరా." తర్వాత నావైపు తిరిగింది. "ఇంత సదివావు కదా, ఎల్లి ఆ లారీ ఎక్కి కూకో. నీ సదువు బరువుకైనా దిగుతాదేమో!"

అందరూ నవ్వారు. నేను మాత్రం మామ్మ కాళ్ళకి దండం పెట్టి లారీ ఎక్కాను.

"ఎక్కండి! అందరూ ఎక్కండి! ఎక్కి కింద కూర్చోండి!"

మొదట కళాసీలు ఎక్కారు. తర్వాత బస్సులోంచి జనం దిగొచ్చారు. షేర్ ఆటోలు ఖాళీ అయ్యాయి. కొండ మీంచి చింతపండు గంపలతో వచ్చిన ఆడవాళ్ళు గంపలతో సహా ఎక్కారు. "బేగి ఎక్కండి, బస్సెల్లిపోతాది!" అని బస్సు కండక్టరే అరుస్తూ, తలలు లెక్కపెడుతూ ఎక్కేశాడు. ఏ రోడ్డుని నేను ఆపేశానో ఆ రోడ్డంతా లారీలో కూర్చుంది.

అప్పుడు చూశాను. ఒక్కొక్క మనిషీ ఎక్కుతుంటే చట్రానికీ కమానుకీ మధ్య వెలుతురు పుట్టింది. ముందు దారమంత, తర్వాత అగ్గిపుల్లంత. పుస్తకంలో బొమ్మగా చూసినదాన్ని ఊరు ఊరంతా కలిసి చేసి చూపిస్తోంది. తిట్టుకుంటూ ఎక్కినవాళ్ళు కూడా తలలు పైకెత్తి ఆ సన్నటి వెలుతురునే చూస్తున్నారు. లారీ కదిలింది. తాతయ్య పేరు మా తలల మీదుగా, ఒక్క అక్షరమూ చెదరకుండా, మెల్లగా వెనక్కి జరిగింది.

"ఎల్లిపోయింది!" అని మామ్మ కుర్చీలోంచే చప్పట్లు కొట్టింది.

ఆ రోజే తాతయ్య పేరు సాక్షిగా ఒట్టు వేశాను: ఏ లారీనైనా నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి కొలవనిదే ఇక పసుపు రంగు డబ్బా మూత తియ్యను. మామ్మకి నా ఒట్టు మీద నమ్మకం లేదు. పెయింటర్ని పిలిపించి గేటు పక్కన తనే ఒక బోర్డు రాయించింది. ఇప్పటికీ ఉంది:

లోపలికి ఎత్తు: పదడుగులు.
బయటికి మనుషులు: అరవై ఒక్కరు.