ముష్తాక్‌కు వాసన ఎప్పుడు పోయింది

పత్తర్‌గట్టి అత్తరు కొట్టులో, బేరం జోరుగా సాగుతున్న వేళ, వైకుంఠం సేఠ్ గులాబీ అత్తరు సీసాను తన దగ్గర పనిచేసే ముష్తాక్ కాళ్ల ముందు పగలగొట్టాడు.

"అసలు సరుకు బయట అమ్ముకున్నవ్. దీంట్ల ఏదో నూనె కలిపినవ్. చోర్!"

కూతురి పెళ్లికి అత్తరు కొనడానికి వచ్చిన మజీదా బేగం ముక్కుకు దుపట్టా అడ్డం పెట్టుకుంది. అత్తరు పాడై పుల్లటి కంపు కొడుతోంది. మణికట్టు మీద రాసుకుని, వాసన చూసి, బాగుందని ఆమెకిచ్చింది ముష్తాకే. ఆ కొట్టులో సీసాలకు చీటీలుండవు. ముష్తాక్ ముక్కు ఒప్పుకుంటే సరుకు మంచిదన్నట్టే. కొన్నాళ్లుగా అతనికి ఏ వాసనా తగలడం లేదు. జలుబేమో అనుకుని, చేతి అలవాటు మీద నెట్టుకొస్తున్నాడు. అత్తరువాడికి వాసన తెలియదంటే ఎవడు నమ్ముతాడు?

బజారులో సలాములు ఆగిపోయాయి. ఇంకో కొట్టులో పని దొరకలేదు. పురానాపూల్ దగ్గర, మూసీ నది ఒడ్డున, ఒంటి గదిలో చేరాడు. పాలు విరిగినా, అన్నం మాడినా తెలిసేది కాదు. పలకరించేది పక్కింటి కాశమ్మ ఒక్కతే.

"నసీబంటే నీదే భాయ్! మూసీ కంపుకు మేం చస్తున్నం. నీకేం ఫికర్?"

ఆమె వెళ్లిపోతే ఆ గదిలో మళ్లీ మనిషి గొంతు వినబడేది మర్నాడే.

కొన్నేళ్లకు కుడిచెయ్యి వణకడం మొదలైంది. దవాఖానాలో డాక్టర్ రశ్మి ఆ చెయ్యి చూసి, "వాసన ఎప్పుడు పోయింది?" అని అడిగింది. ఇన్నేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె.

"ఈ మెదడు బీమారిల మస్తుమందికి ముందు ముక్కు పోతది, వణుకు తర్వాత. మనం పీల్చే ఆక్సిజనే ఒంట్ల ఖర్చయ్యేటప్పుడు కణాలను దెబ్బతీస్తది. వయసుల ఉన్నప్పుడు ఒళ్లు తట్టుకుంటది, ముసలైనంక తట్టుకోదు. మెదడు ఆక్సిజన్ ఎక్కువ వాడుతది గదా, దెబ్బ గూడ ఎక్కువే. కారణం ఇదొక్కటే అని మాత్రం చెప్పలేం."

"మూత వదులైతే గాలి తగిలి అత్తరు ఖరాబైతది. గట్లనా అమ్మా?"

"దాదాపు గట్లనే."

"దవా లేదా?"

"వణుకు తగ్గేటందుకు ఉంది. పోయిన కణాలు తిరిగి రావు. విటమిన్ గోలీలతోని ఆపుదామని చూసిన్రు, ఆగలే."

ముష్తాక్ అక్కణ్నుంచి ఇంటికి పోలేదు, నేరుగా పత్తర్‌గట్టికి నడిచాడు. డాక్టర్ మాటలు అతను చెబితే వైకుంఠం అంతా విన్నాడు. కొట్టులో ఇంకెవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించాడు.

"తప్పు నాదే ముష్తాక్. నువ్వు చోర్‌వి కాదు. కూసో, చాయ్ తెప్పిస్త."

ముష్తాక్ కూర్చోలేదు. వాళ్లిద్దరూ ఎదురుపడింది అదే ఆఖరు.

"నేను చోర్ కాదని నాకు ముందుగాలనే ఎర్క సేఠ్. ఆ దినం మజీదా బేగం ముంగట ఎంత గట్టిగ ఒర్లినవో, గంత గట్టిగ బజార్ల చెప్పు."