తలుపు స్విచ్చుకు కట్టిన తీగ

ఇవాళ పొద్దున మా పక్కింటి సైదులు బోరు మోటారును ఆటోలో తెచ్చి వాకిట్లో దింపాడు. విప్పకముందే కాలిన వైండింగు వాసన ముక్కు పగిలేలా కొట్టింది. వెంట తెచ్చిన స్టార్టరు డబ్బా తెరిచి చూశాను. కరెంటులో ఒక ఫేజు పోతే మోటారును ఆపాల్సిన రిలే అందులో ఉంటుంది. దాన్ని తప్పించి ఎవరో రాగి తీగ ముక్క కట్టారు. "గది మాటిమాటికి ఆపుతుండె కాకా. వైండింగు చేసినంక తీగ మళ్ళ గట్లనే కట్టు. ఇన్నొద్దులు నడవలేదా? ఏం గాలే గదా!" అన్నాడు. మోటారు బొగ్గయి కాళ్ళ దగ్గర పడి ఉంది, మనిషి మాత్రం ఏమీ కాలేదంటాడు! నోటికొచ్చినట్టు తిట్టాను. "పొద్దుగాల్నే నీకేం పుట్టింది కాకా" అని నవ్వాడు. నాకేం పుట్టిందో వాడికేం తెలుసు. నాకు సఫియా మేడం గుర్తొచ్చింది.

ఆమె పేరు మీరెవరూ విని ఉండరు. పాలమూరు బిడ్డ. తెలంగాణ వచ్చిన కొత్తలో మా కట్టంగూరు దాటాక హైవే పక్కన ఒక ట్రస్టు వాళ్ళు క్యాన్సరు దవాఖాన పెట్టారు. అక్కడి కిరణాల యంత్రానికి ఆమె ఫిజిసిస్టు. కిరణం ఎంత కొట్టాలి, ఎక్కడ పడాలి, యంత్రం భద్రంగా ఉందా లేదా అన్నవి చూసే మనిషి. ముప్పయి ఐదేళ్ళు దాటని వయసు. నాకప్పటికి యాభై ఎనిమిది. ఏడో తరగతిలో బడి మానేసి, మోటార్లు విప్పి విప్పి విద్య నేర్చుకున్నవాణ్ణి. యంత్రాన్ని చల్లబరిచే నీళ్ళ పంపు కాలిపోతే వైండింగుకు పిలిచారు. బాగుచేశాక ఇక్కడే ఉండిపొమ్మన్నారు.

లోపల ఏం జరుగుతుందని మొదటి రోజే అడిగాను. ఆమె నవ్వలేదు. "గీ గొట్టంల ఎలక్ట్రాన్లను ఉరికిస్తం కాకా. దగ్గర దగ్గర వెలుగంత వేగం. ఉరికి ఉరికి ఒక లోహపు బిళ్ళకు తాకుతయి. గా దెబ్బకు కిరణాలు పుడతయి. గడ్డను చంపుతయి. మంచి కండ మీద పడితే దాన్ని గూడ చంపుతయి. ఏది గడ్డనో ఏది కండనో దానికి తెల్వదు. మనకు తెల్వాలె."

రోజూ మనుషుల కంటే ముందు ప్లాస్టిక్ పలకల దొంతర మీద కిరణం కొట్టించి కొలిచేది. నిన్న సరిగ్గానే ఉంది కదా అంటే, "నిన్న ఉప్పు సరిపోయిందని ఇయ్యాల రుచి చూడకుంట వడ్డిస్తవా?" అనేది. ప్రతి రోగికీ కిరణం పెట్టేముందు, గదిలోకి మెలిక తిరిగి పోయే దారిలో యంత్రం వెనక దాకా నడిచి, "ఇంకెవరన్న ఉన్నరా?" అని కేకేసి, ఇంకెవరూ లేరని గోడకున్న బటన్ నొక్కి బయటికి రావాలి. ఉత్త గోడలకు కేకెయ్యడం నాకు సిగ్గనిపించేది. ఆమె ప్రతిసారీ వేసేది. మధ్యాహ్నం సద్ది తిన్నాక యంత్రం పుస్తకంలోని ఇంగ్లీషు ఆమె చదివి చెప్పేది, నేను తెలుగులో రాసుకునేవాణ్ణి. దొడ్డు నోటుబుక్కు ఒకటి నిండింది. చదువుకున్న మిగతా వాళ్ళంతా నన్ను "మిస్త్రీ" అని అరిచి పిలిచేవాళ్ళు. ఆమె మాత్రం సర్క్యూటు బొమ్మ ముందు పెట్టి "నువ్వు చెప్పు కాకా" అనేది.

ఆ ఎండాకాలం తలుపు స్విచ్చు అరిగింది. తలుపు తెరిస్తే కిరణం ఆపడం దాని పని. అది తలుపు మూసి ఉన్నా తెరిచారనుకొని ఆపేయసాగింది. కొత్తది తెప్పించండని మేడం మూడు ఉత్తరాలు రాసింది. ట్రస్టు సెక్రెటరీ కదలలేదు. ఇంతలో తల్లికి బాగాలేక ఆమె నాలుగు రోజులు పాలమూరు పోయింది.

అప్పుడే హన్మంతు అనే నారాయణపేట నేతగాడు వస్తుండేవాడు. గొంతులో గడ్డ. తల కదలకుండా ముఖానికి జాలీ తొడుగు వేసి బల్లకు బిగిస్తారు. ఒక్క పూటలో కిరణం అయిదుసార్లు ఆగింది. ఆగిన ప్రతిసారీ ఆ తొడుగు కింద నుంచి మూలుగు. నేను చూడలేకపోయాను. జేబులో వైండింగు తీగ ముక్క ఉంది. ముప్పయ్యేళ్ళుగా రైతుల స్టార్టర్లకు కడుతున్న ముడే. రెండు నిమిషాల్లో కట్టేశాను. ఇక యంత్రం ఆగలేదు. సెక్రెటరీ తన గదిలో కూర్చోబెట్టి టీ తాగించాడు. "డిగ్రీలెందుకయ్యా, గిసొంటోడు ఒక్కడుంటే చాలదా!" అన్నాడు. నేను ఉబ్బిపోయాను.

మేడం వచ్చిన పూటే పరీక్ష పెట్టింది. గదిలో ఎవరూ లేకుండా చూసి, కిరణం పెట్టించి, తలుపు కొంచెం తెరిచింది. కిరణం నడుస్తోందని చెప్పే తలుపు మీది ఎర్రదీపం ఆరలేదు. వెంటనే అంతా ఆపించి నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"ఎవరు చేసిన్రు?"

"నేనే మేడం. గా హన్మంతు గోస చూడలేక. నాలుగు దినాలు మంచిగ నడిచింది. ఏం గాలే గదా."

ఆమె గొంతు పెంచలేదు. "ఏం గాలే అంటే ఏంది కాకా? అయితదో కాదో జనం మీద పెట్టి చూసినవన్నట్టు. యంత్రం ఆగితే ఖరాబయిందనుకుంటవు. ఆగుడే దాని పని. నువ్వు దాని నోరు కట్టేసినవు."

తీగను తన చేత్తోనే ఊడదీసింది. కొత్త స్విచ్చు వచ్చేదాకా యంత్రం నడవదన్నది. జరిగింది జరిగినట్టు, ఇలాంటి యంత్రాలను తనిఖీ చేసే ముంబయి పైఅధికారులకు రాసింది. వైద్యం మధ్యలో ఆగినవాళ్ళ కోసం పొద్దంతా ఫోను పట్టుకొని హైదరాబాదు దవాఖానలను బతిమాలింది. పోగలిగినవాళ్ళు పోయారు. పోలేనివాళ్ళు వరండాలో కూర్చున్నారు. హన్మంతు భార్య ఆమె మీదికి వచ్చింది. "మంచిగ నడిచేదాన్ని ఆపితివి! మా ఉసురు పోసుకుంటవా?" మేడం తల వంచుకొని, "జర ఓర్చుకోండ్రమ్మా" అన్నది. పక్కనే చేతిలో స్క్రూడ్రైవరుతో నేను నిలబడి ఉన్నాను.

మీటింగు పెట్టారు. సెక్రెటరీకి తీగ మీద కోపం లేదు, పైకి రాసినందుకు కోపం. "గా తీగ ఎవరు కట్టిన్రు?" అని అడిగాడు. నాకు టీ తాగించినవాడు, ఏమీ ఎరగనట్టు!

"యంత్రం భద్రత నా జిమ్మ. నా పేరు రాసుకోండ్రి" అన్నది మేడం.

ఆమె నా వైపు చూడలేదు. నేను నోరు తెరవలేదు. ఈ వయసులో మళ్ళీ మోటార్ల మసిలో పడాలా అని భయమేసింది. అంతే. ఇంతకంటే పెద్ద కారణం లేదు, వెతకను కూడా.

పదకొండో రోజు స్విచ్చు వచ్చింది. మూడు ఉత్తరాలకు కదలని స్విచ్చు పదకొండు రోజుల్లో వచ్చింది! అంతకు రెండు రోజుల ముందే ఆమెను పొమ్మన్నారు. హన్మంతు మిగిలిన పూటలు పూర్తిచేసుకున్నాడు. మధ్యలో పోయిన ఆ రోజులు అతని గడ్డకు ఎంత బలమిచ్చాయో నాకు తెలియదు. అడిగే ముఖం నాకు లేదు.

బస్సు దాకా ఆమె సంచి మోశాను. ఎందుకు చెప్పలేదని ఆమె నన్ను ఒక్క మాట అడిగితే బాగుండు అనుకున్నాను. అడగలేదు. పర్సులోంచి ఆ తీగ ముక్క తీసి నా అరచేతిలో పెట్టింది. "లోపల చూసి రావుడు మరువకు కాకా" అని బస్సెక్కింది.

మరుసటేడు నీళ్ళ పంపు దగ్గర, నీళ్ళు తగ్గితే యంత్రాన్ని ఆపే స్విచ్చు మొరాయించింది. "తీగ కట్టు మిస్త్రీ, ఏం గాదు" అన్నాడు సెక్రెటరీ. "మీరే కట్టుండ్రి సారూ. కట్టి, మీ పేరు రాయుండ్రి" అన్నాను. నెల తిరగకముందే నన్నూ పొమ్మన్నారు. దేనికి భయపడి నోరు మూసుకున్నానో ఆ మసిలోకే వచ్చి పడ్డాను. వచ్చి తిన్నాను, పడుకున్నాను, బతికాను. ఇంతేనా నేను భయపడింది? అది తలుచుకున్నప్పుడల్లా సెక్రెటరీ మీది కంటే నా మీదే ఎక్కువ మండుతుంది.

సైదులుతో చెప్పాను, వైండింగు చేస్తా, తీగ మాత్రం కట్టనని. "నువ్వు కట్టకుంటే ఇంకొకడు కడతడు" అన్నాడు.

"కట్టనీ. వాని పేరు డబ్బా మీద రాయించుకో."

గొణుక్కుంటూ మోటారును మళ్ళీ ఆటోలో వేసుకొని పోయాడు. పోనీ.

ఆ తీగ ముక్క ఇప్పటికీ నా కళ్ళద్దాల డబ్బాలో ఉంది. సెక్రెటరీ ఆనాడు రాయించిన కాగితం కూడా ఏ బీరువాలోనో ఉండే ఉంటుంది, ఆమె పేరుతో. ఆ కాగితం అబద్ధం. తీగ కట్టింది కట్టంగూరు వైండింగు మిస్త్రీ అంజయ్య. నేను.