మా ఊరాయన

ఆ ఆదివారం పొద్దున కాఫీ కంటే ముందే నాకు కడుపులో మంట మొదలైంది. ఇది కొత్తేమీ కాదు. మా ఇంజనీరింగ్ కాలేజీ తొలి బ్యాచ్ వాళ్ళందరం కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నప్పటి నుంచి ఇదే వరస. డాక్టరు గ్యాస్ అన్నాడు, పరగడుపున వేసుకోమని గోళీలు రాశాడు. మా ఆవిడ నా మొహం వైపు ఒకసారి, చేతిలో ఫోను వైపు ఒకసారి చూసి, "మీది గ్యాస్ కాదు, గ్రూపు" అని తేల్చేసింది. డాక్టరు కంటే ఆమే నన్ను బాగా చదివింది. ఒకడు కొత్త కారు ముందు, ఒకడు సముద్రం ముందు, ఒకడు కూతురి ర్యాంకు కార్డు ముందు నిలబడి ఫోటోలు పెడుతుంటారు. అందరికీ చప్పట్ల బొమ్మలు పెట్టి, పళ్ళు నూరుకుని, ఆ తర్వాత గోళీ వేసుకుంటాను. నాకు ఆ గ్రూపులో దక్కే గౌరవం ఒక్కటే. నేను కరెంటు ఆఫీసులో ఏడీఈని కాబట్టి మార్కాపురం చుట్టుపక్కల ఎవరింట్లో లైటు ఆరినా "బావా, ఎంతసేపట్లో వస్తది?" అని అడుగుతారు. వచ్చాక వచ్చిందని చెప్పిన పుణ్యాత్ముడు ఇంతవరకు లేడు.

మనుషులు బాగుపడితే ఎలాగో ఓర్చుకుంటాను. కాలేజీ బాగుపడితేనే ఓర్వలేను. మా గ్రూపు అడ్మిన్‌ది మార్కాపురమే, బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం. కాలేజీకి దగ్గరగా ఉండేవాడు గనక వారానికోసారి పోయి అక్కడి కొత్త వింతలన్నీ ఫోటో తీసి పెడతాడు. మెయిన్ బ్లాకుకు లిఫ్టు వచ్చింది. హాస్టల్లో ప్రతి అంతస్తులో ఫిల్టరు నీళ్ళు వచ్చాయి. సెమినార్ హాలుకు మెత్తటి కుర్చీలు వచ్చాయి. మేం చదివింది రేకుల షెడ్డులో. ఎండాకాలం మధ్యాహ్నం క్లాసంటే పెనం మీద అట్టు బతుకే. నీళ్ళ ట్యాంకరు హారన్ వినపడిందంటే లెక్చరరు వాక్యం పూర్తి చేసేలోపే క్లాసు సగం ఖాళీ, బకెట్లతో అక్కడ హాజరు. కంప్యూటర్ల గదిలోకి గుళ్ళోకి పోయినట్టు చెప్పులు విడిచి పోవాలి. చల్లగాలి ఆ గది ఒక్కదాంట్లోనే ఉండేది, అదీ కంప్యూటర్లకు, మాకు కాదు. ఇప్పుడు రెండో అంతస్తుకు పోవడానికి లిఫ్టు కావాల్సొచ్చింది ఈ పిల్లలకు. కాళ్ళు లేవా అని ఫోటోలో పిల్లల్ని అడిగాను కూడా. మనం చదివిన చోటు బాగుపడితే సంతోషించాలి, కాదనను. కానీ మనం బయటికి నడిచాకనే బాగుపడితే, ఈయన ఎప్పుడు పోతాడా అని అది కాచుకుని ఉందేమో అనిపిస్తుంది.

ఆ ఆదివారం వచ్చిన ఫోటో మాత్రం లిఫ్టు కాదు, ఫిల్టరు కాదు. లైబ్రరీ వరండా. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గోడంతా నల్లటి పలకలు. మార్కాపురం పలకలే, చెక్క చట్రాలు లేకుండా అంచుకు అంచు ఆనించి అతికించారు. పిల్లలు బలపాలతో, చాక్‌పీసులతో దాని మీద లెక్కలు చేస్తున్నారు. కట్టించింది మా బావ. బావ అంటే చుట్టం కాదు. మా వైపు మాట కలిసిన ప్రతివాడూ ఏదో ఒక వరస అవుతాడు, మేమిద్దరం హాస్టల్లో ఒకే గదిలో పడ్డాం గనక బావలమయ్యాం. వాడిది పుల్లలచెరువు అవతల అడవి అంచున ఉండే పల్లె. అమ్మా అయ్యా ఆరు రోజులు కూలికీ, ఏడో రోజు చర్చికీ పోయేవాళ్ళు. వాడిప్పుడు హైదరాబాదులో పెద్ద పెద్ద భవనాలు కడతాడు. గోడ చివర ఒక పెద్ద పలక మీద ఒకే ఒక మాట చెక్కించాడు. "నాయనకు". ముందూ లేదు, వెనకా లేదు. దాని కింద అడ్మిన్ గొంతుతో ఒక మెసేజి. ఆ నాయనను తను కళ్ళారా చూశాననీ, ఒకరోజు ఎండలో పలకల మూట భుజాన వేసుకుని కొడుకు కోసం హాస్టలుకు వచ్చాడనీ, కొడుకంటే అట్లా ఉండాలనీ చెప్పి ముక్కు చీదాడు. ఇక చూడండి, ఫోను నిండా దండాలే.

గ్రూపులో ఎవరికీ తెలియనిది, ఒకే గదిలో పడుకున్న నాకు తెలుసు. బావ తన తండ్రిని ఏనాడూ నాయనా అని పిలవలేదు. వాళ్ళింట్లో ఆ మాటే లేదు. పిలిచినా, చెప్పుకున్నా, తిట్టుకున్నా "అయ్య" అనేవాడు. బావ ఈ లోకంలో నాయనా అని పిలిచింది ఒక్క మనిషినే. ఆయన మా నాయన.

"ఆయన మా నాయన" అని గ్రూపులో రాశాను. చెరిపేశాను. మళ్ళీ రాశాను, మళ్ళీ చెరిపేశాను. మూడోసారికి మా ఆవిడ వెనక నుంచి చదివేసి, నిజమే కదా, పెట్టొచ్చుగా అంది. పెడితే ఆ రోజు హాస్టలు గడప దగ్గర నేనేమన్నానో కూడా చెప్పాల్సి వస్తుంది. అది నేను ఆమెకు కూడా చెప్పలేదు.

మా నాయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మా ఊరు తర్లుపాడు నుంచి రోజూ పొద్దున బస్సు ఎక్కి పోయేవాడు. సాయంత్రం దిగేటప్పటికి కనుబొమలు, చెవుల అంచులు, చొక్కా కాలరు అన్నీ బూడిద రంగులో ఉండేవి. రాయిని ఉలితో పొరలు పొరలుగా విడదీసి, కోసి, నున్నగా రుద్దడం ఆయన పని. చేతిలోకి తీసుకున్న ప్రతి పలకనూ వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. బాగున్నది ఖంగుమంటుంది, లోపల పగులున్నది బొద్దుమంటుంది. నేను ఇంజనీరింగులో చేరాక అంచు విరిగినవి, మూల పోయినవి ఏరి నాకు పంపడం మొదలుపెట్టాడు. లెక్కలు చేసుకోవడానికి కాగితాలు దండగ కదా అని ఆయన ఉద్దేశం. ఇంజనీరింగు కుర్రాడు పలక పట్టుకోవడమా అని నాకు తల కొట్టేసినట్టుండేది. ఒంగోలు, గుంటూరు నుంచి వచ్చిన వాళ్ళు చూస్తే ఒకటో క్లాసులో చేర్చమంటారు. నా పలకల్ని పెట్టె కిందికి నెట్టేశాను. బావ వాటిని బయటికి లాగి, తుడిచి, కిటికీ దగ్గర కూర్చుని దూలాల లెక్కలన్నీ వాటి మీదే చేశాడు. నవ్వినవాళ్ళు నవ్వారు. మొదటి సంవత్సరం మార్కులు వచ్చాక ఇద్దరు ముగ్గురు వచ్చి పలక దొరుకుతుందా అని అడిగారు, నన్ను కాదు, వాడిని.

రెండో ఏడు ఎండాకాలం మొదట్లో అనుకుంటాను. నేనూ, ఇప్పటి ఈ అడ్మినూ హాస్టలు గడప దగ్గర నిలబడి ఉన్నాం. గేటు వైపు నుంచి ఒక మనిషి తువ్వాలులో కట్టిన మూట భుజాన వేసుకుని నడిచి వస్తున్నాడు. ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, ఒళ్ళంతా పొడి. చెమట కారిన చోట మాత్రం చారలు చారలుగా అసలు రంగు తేలింది. అడ్మిన్ నా వైపు తిరిగి, "ఎవరు భాయ్?" అన్నాడు.

"మా ఊరాయన. పలకలు ఇచ్చిపోను వచ్చినాడు" అన్నాను.

నెమ్మదిగానే అన్నాను, కానీ ఆయన అప్పటికే నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. ఖంగుమన్నదేదో బొద్దుమన్నదేదో అంత బాగా తెలిసిన చెవులు. నా మొహం వైపు చూడలేదు. మూట దించి, అడ్మిన్‌తో, "అవును బాబూ, వాళ్ళ ఊరే. దోవలో ఇచ్చిపొమ్మంటే వచ్చినా" అన్నాడు. నా అబద్ధం ఎక్కడ కింద పడుతుందోనని ఆయనే ఒక చెయ్యి వేశాడు. అంతలో బావ తల తుడుచుకుంటూ బయటికొచ్చాడు. చూడగానే, "నాయనా, ఇంత ఎండలో ఏంది, కబురు చేస్తే నేనే వద్దును గదా" అంటూ మూట అందుకుని, లోపలికి తీసుకుపోయి తన మంచం మీద కూర్చోబెట్టి, కుండలో నీళ్ళు ముంచి ఇచ్చాడు. నేను గడప దగ్గరే ఉండిపోయాను. నా తండ్రి నీళ్ళు తాగుతుంటే పరాయివాడిలా చూశాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చస్తాను.

ఆ తర్వాత ఆయన కాలేజీకి రాలేదు. ఆ సంగతి ఇంట్లో ఎత్తలేదు, అమ్మకూ చెప్పలేదు. పలకలు మాత్రం ఆపలేదు. శనివారం బావ నాతో మా ఇంటికొస్తే ఇద్దరూ అరుగు మీద కూర్చుని పలకలు కొట్టి చూసుకుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్ళు. మా నాయన నాతో కూర్చుని అంతగా నవ్విన గుర్తు లేదు. నేను లోపల అన్నం తింటూ ఆ నవ్వు వింటూ కుళ్ళుకునేవాడిని. నాకు ఉద్యోగం వచ్చాక ఆయన బస్సులో, ఫ్యాక్టరీలో, మందుల దుకాణం ముందు దారినపోయే ప్రతివాడినీ ఆపి, "మావాడు, కరెంటాఫీసులో ఇంజనీరు" అని చూపించేవాడు. ఆ పొడే ఊపిరితిత్తుల్లో చేరి, దగ్గి దగ్గి, నేను ఏఈగా ఉండగానే పోయాడు. కబురు అందిన పూటే బావ హైదరాబాదులో బస్సెక్కాడు. పాడె మోసిన నలుగురిలో వాడొకడు.

ఫోటో వచ్చిన మరుసటి ఆదివారం గోడకు ప్రారంభోత్సవ సభ పెట్టారు. దగ్గర్లో ఉన్నవాడిని, తప్పించుకునే దారి లేక పోయాను. బావ నన్ను చూసి ఎప్పటిలాగే భుజం మీద చెయ్యి వేశాడు. వాడి జుట్టు నా కంటే ఒత్తుగా ఉంది, అది కూడా గమనించాను. మైకులో ఒకరి తర్వాత ఒకరు కూలి తల్లిదండ్రుల కష్టం, కొడుకు కృతజ్ఞత అంటూ మాట్లాడుతుంటే నేను మెల్లగా వరండాలోకి జారుకున్నాను. నిజం చెబుతున్నాను, గోడ చూసి ఆనందించడానికి కాదు. ఈ చివర నుంచి మొదలుపెట్టి వేలి కణుపుతో ఒక్కో పలకనూ కొట్టుకుంటూ పోయాను. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి బొద్దుమంటే చాలు, నా కడుపు చల్లబడేది. ఒక్కటీ అనలేదు. వాడు అన్నీ కొట్టి చూసే పెట్టించాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఆయన లాగే.

చివరి పలక దగ్గర బావ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "మీ అయ్యను నాయనా అని ఎప్పుడు పిలిచినావు బావా?" అని అడిగాను. గొంతులో దెప్పిపొడుపు దాచలేకపోయాను. వాడు కోప్పడలేదు. "అయ్య పేరు మీద ఊళ్ళో బోరు వేయించినా. ఇది నాయనది" అన్నాడు. తర్వాత ఆ మాట కింద ఖాళీగా ఉన్న జానెడు చోటును చూపించాడు. "జాగా వదిలినా బావా. ఆ పేరు నేను చెక్కించేది కాదు." అంతే అన్నాడు. ఆ రోజు నా మాట వాడికీ వినపడిందన్నమాట. అన్నేళ్ళలో ఆ గడప సంగతి మా ఇద్దరి మధ్య వచ్చింది అదొక్కసారే, అదీ రాకుండానే వచ్చింది.

సభ ముగిసి జనం వరండాలోకి వచ్చారు. అడ్మిన్ ఫోను తీసి బావనూ నన్నూ ఆ పలకకు చెరో వైపు నిలబెట్టాడు. గ్రూపులో పెట్టడానికి కింద ఒక మాట రాయాలి కదా, "బావ వాళ్ళ నాయన" అని రాస్తున్నానన్నాడు. బావ నేల వైపు చూశాడు. ఆ క్షణంలో ఊరుకుంటే ఇక జన్మంతా ఊరుకోవాల్సిందేనని నాకు తెలిసింది.

"బావ వాళ్ళ నాయన కాదు భాయ్. మా నాయన" అన్నాను. "ఆ రోజు మూట తెచ్చిన మనిషే. నువ్వు ఎవరని అడిగితే, మా ఊరాయన అన్నా."

అడ్మిన్ ఫోను దించాడు. "నువ్వు ఊరాయన అన్నావు, అతను నాయనా అన్నాడు. నేను నాయనా అన్నోడినే నమ్మినా భాయ్" అన్నాడు. తప్పు పట్టినట్టు కాదు, లెక్క ఎక్కడ తప్పిందో ఇప్పుడు దొరికినట్టు అన్నాడు. తర్వాత అక్కడే నిలబడి గ్రూపులో దిద్ది రాశాడు. మళ్ళీ ఫోను నిండా దండాలు, ఈసారి నాకు. ఒక్కటీ నాది అనిపించలేదు.

చెక్కే మనిషికి నాయన పేరు కాగితం మీద రాసిచ్చి ఇంటికొచ్చాను. మా ఆవిడకు అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు, మంట తగ్గిందా అని మాత్రం అడిగింది. తగ్గలేదు. బావను చూస్తే ఇప్పటికీ కుళ్ళే. వాడి భవనాల మీద కాదు, జుట్టు మీద కూడా కాదు. ఆ కాలేజీలో నలుగురి ముందూ "నాయనా" అని వాడు పిలిచినప్పుడు ఆయన తలెత్తి పలికాడు. అదే చోట, అదే నలుగురి ముందూ నేను ఆ మాట అనేటప్పటికి పాతికేళ్ళు దాటిపోయాయి, పలకడానికి ఆయన లేడు.