ఎడమ చేతి కొలత

నవంబరు రెండో వారం, పగలు పదకొండున్నరకు కొండమీది ఆర్మీ పోస్టు చేరాను. పదమూడు వేల అడుగులు. మైనస్ తొమ్మిది. వీపున ఇరవై కిలోల మూట. మాది సిరుగుప్ప, అంతకుముందు నేనెక్కిన పెద్ద కొండ వడ్ల రాశి.

బంకర్‌లో ఐదుగురం. ఒక కిరోసిన్ పొయ్యి, ఒకే స్టీలు గ్లాసు. రేడియో ఆపరేటర్‌ది కూరెకుప్ప, మా జిల్లానే. పొద్దున ఆరుకు నర్సింగ్ అసిస్టెంట్ టార్చితో వచ్చి వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూసేవాడు. చలికి ఎవరూ లేచేవాళ్లం కాదు. స్లీపింగ్ బ్యాగుల్లోంచి వరసగా చేతులు మాత్రం బయటికొచ్చేవి. ఎనభై కన్నా తగ్గితే కిందికి పంపాలని ఆర్డరు.

మూడో వారానికి నాకు పొడిదగ్గు, ఆయాసం. ఒక సాయంత్రం క్లిప్పు అడిగి తెచ్చి నేనూ ఆపరేటరూ చూసుకున్నాం. డెబ్బై ఎనిమిది. కిందికి పంపితే ఇక పైకి రానివ్వరని నా భయం.

"నువ్వు గమ్మునుండప్పా," అన్నాడు ఆపరేటర్. "నాకు రెండు చేతులుండాయి కదా."

పదకొండు రోజులు పొద్దున క్లిప్పుకు అతని కుడిచేయి అతనిది, ఎడమచేయి నాది. పన్నెండో రోజు తొమ్మిదీ ఇరవైకి కిరోసిన్ క్యాన్ మోస్తూ పడిపోయాను. రేడియో సెట్‌లో అతనే మాట్లాడాడు: "ఒకరిని దింపాలి. ఊపిరాడటం లేదు. ఇన్నాళ్లూ ఇచ్చిన కొలతలు తప్పు. తప్పు నాది. ఓవర్."

కింద ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే రెండు ఊపిరితిత్తుల నిండా గుండ్లలాంటి తెల్లటి మచ్చలు. వేరే చోటినుంచి పాకిన క్యాన్సర్ కావచ్చు, టీబీ కావచ్చు అన్నారు. క్యాన్సరైతే నా ఒక్కడిదే. టీబీ అయితే అదే గాలి పీల్చి, అదే గ్లాసులో తాగిన ఐదుగురిది. కఫం మూడుసార్లు చూశారు, క్రిమి లేదు. అయినా నమ్మలేదు. గొంతులోంచి గొట్టం దింపి ఊపిరితిత్తిలోంచి ముక్క తీశారు. ఎనిమిది రోజులు గ్లాసు గురించే ఆలోచించాను.

డాక్టరమ్మ వచ్చి సార్కాయిడోసిస్ అనే జబ్బు అంది. మామూలుగా ఛాతీ మధ్య గ్రంథులు వాస్తాయట. నాలా గుండ్లుగా రావడం అరుదట. ముక్కలో కణాల ముద్దలే ఉన్నాయి, క్యాన్సర్ లేదు, క్రిమి లేదు. డ్రిల్లులో ఎడమకాలు ఎప్పుడూ తప్పేవాణ్ణి, జబ్బు కూడా వరస తప్పే వచ్చింది.

"అంటుతుందా మేడమ్?"

"ఎవరికీ అంటదు."

అప్పుడు ఏడ్చాను.

స్టెరాయిడ్ మాత్రలకు ఉబ్బిన ముఖంతో బళ్లారిలో బస్సెక్కి సిరుగుప్పలో దిగాను. మా అక్క చూసి, "మిలిటరీలో బాగానే మేపినారే," అంది. గుండ్లు కరిగాయి, ఉద్యోగం కూడా కరిగింది. ఆపరేటర్‌కు రావాల్సిన ప్రమోషన్ ఆగింది. ఫోన్లో ఎప్పుడూ ఆ మాట ఎత్తడు, "ఆయాసం ఎట్లుండాది?" అని మాత్రం అడుగుతాడు.

ఇప్పటికీ ఆరుకు మెలకువ వస్తుంది. నా స్లీపింగ్ బ్యాగు పక్కకు చాచిన అతని ఎడమ చేయి. క్లిప్పులో ఎర్రగా వెలిగే వేలు. టార్చి వెలుగులో నర్సింగ్ అసిస్టెంట్ నా పేరు చదివి, పక్కన ఎనభై తొమ్మిది అని రాసుకుంటున్నాడు.