లసుమవ్వ సగం, రామవ్వ సగం

ఆర్మూర్ నుంచి బాల్కొండ పోయే రోడ్డు మీద, పసుపు ఉడకబెట్టే రోజుల్లో బస్సు దిగితే ముందు ఆ వాసన ఎదురొచ్చేది. దాని వెనకే లసుమవ్వ గొంతు. ఆమెను నోటిదురుసు మనిషి అనేవాళ్లు. కాదనడానికి లేదు. కానీ మొదటి కడాయి దగ్గర ఆమె ఆవిరిబాస ఎత్తుకుంటే ఆ అన్నవాళ్లే రుమాళ్లు తీసి నిలబడేవారు.

ఆవిరిబాస ఆ ఇంటివాళ్ల పూజాభాష. ఎప్పటిదో ఎవరికీ తెలియదు. ఏడాదికొకసారి, మొదటి కడాయిలో పసుపు వేసేముందు, మొక్కు అందులోనే చెప్పుకోవాలి. పెదవులు కలిసే అక్షరం అందులో ఒక్కటీ లేదు. పాపం, అమ్మని పిలవడానికి కూడా వీలుకాదు. ప్రతి మాటా ఊపిరి వదులుతూ హకారంతో ముగిసేది. కళ్లు మూసుకుని వింటే కడాయే మాట్లాడుతున్నట్టుండేది. నిన్నా రేపూ తేడా లేదు. వచ్చినా, వస్తున్నా, రాబోతున్నా ‘తూహే’ అనడమే. అన్నిటికన్నా వింత, వాక్యం ఒక్క మనిషి పూర్తిచేయకూడదు. ఒకామె పేరు చెబితే ఎదురుగా కూర్చున్నామె పని చెప్పాలి. ‘సొయ్యాహ’ అని లసుమవ్వ నీళ్లను పిలిస్తే, ‘తూహే’ అని తోడికోడలు రామవ్వ వాటిని రప్పించేది. చిట్టచివరి పిలుపు ‘యాహ’, అంటే ఇద్దరం. దానికి జవాబు ‘సేహే’, ఉన్నాం. అత్త నీలవ్వ ఇలా కోడళ్లకు చెరిసగం నేర్పి కన్నుమూసింది.

ఎనభై నాలుగులో రామవ్వ తన తల్లి దినాలకని బాల్కొండ పోయింది. తిరిగొచ్చే రోజు దారిలో బస్సు చెడిపోయింది. ఇక్కడ నీళ్లు మరుగుతున్నాయి, కూలీలు గంపలు ముందుపెట్టుకుని కూర్చున్నారు. లసుమవ్వకు మొదటినుంచీ ఓపిక తక్కువ. తన సగం చెప్పింది, రామవ్వ సగమూ తనే చెప్పేసింది. ఇన్నేళ్లు విన్నది నోటికి రాకుండా ఎక్కడికి పోతుంది!

మధ్యాహ్నానికి రామవ్వ నడిచొచ్చింది. కాళ్లనిండా దుమ్ము.

“నా మాట గూడ నువ్వే అన్నవా అక్కా?”

“కూలోళ్లు కూసున్నరు, కట్టెలు కాలుతున్నయి. ఏం జెయ్యాలె మరి?”

“ఆగాలె. గంతే.”

అంతే, మాటలు బందయ్యాయి. పక్కపక్క ఇళ్లు, ఒకే బావి. ఒకరి చేద ఒకరు అందుకునేవారు గానీ నోరు మెదిపేవారు కాదు. అయినా ఏటేటా మొదటి కడాయి రోజు పొద్దున్నే ఇద్దరూ ఎదురెదురుగా పీటలేసుకుని కూర్చునేవారు. అక్క పిలిచేది, చెల్లె పలికేది. పదకొండేళ్లు వాళ్లు మాట్లాడుకున్నది ఆ పావుగంటే, ఆ భాషలోనే. ఆ పావుగంట కోసం లసుమవ్వ ఏడాదంతా ఎదురుచూసేది. తప్పయిందని చెప్పాలని ఎంతో ఉండేది. ఆవిరిబాసలో ఆ మాట లేదు, తెలుగులో ఆమెకు నోరు రాలేదు.

తొంభై అయిదు వానాకాలంలో రామవ్వను జ్వరంతో నిజామాబాద్ దవాఖానలో చేర్పించారు. లసుమవ్వ చీర మార్చుకుని బస్టాండు దాకా పోయింది. ఏం మొహం పెట్టుకుని పోవాలని వెనక్కి వచ్చింది. కడాయి నాటికి ఎట్లాగూ ఇంటికొస్తుంది, అప్పుడే చెబుదాం అనుకుంది. రామవ్వ రాలేదు. ఆ బస్సు ఎక్కనందుకు లసుమవ్వ ఏడ్చినంత ఏడుపు ఆ వాడలో ఎవరూ వినలేదు.

మరుసటేడు కడాయి పెట్టేనాటికి రామవ్వ కొడుకు హన్మయ్య దుబాయి నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు. లసుమవ్వ తన పీట వేసుకుని, ఎదురుగా రామవ్వ పీట కూడా వేయించింది. ‘సొయ్యాహ’ అంది. ఊరుకుంది. రామవ్వ ఊపిరి తీసి జవాబు చెప్పడానికి ఎంతసేపు పట్టేదో అంతసేపూ ఊరుకుని, తర్వాతి పేరు పిలిచింది. మళ్లీ ఊరుకుంది.

హన్మయ్య పొయ్యి వైపు చూశాడు. “పెద్దవ్వా, కట్టెలు కాలిపోతున్నయి. ఎన్కట ఓపారి రెండు పక్కలా నువ్వే అన్నవంట గదా. గట్లనే అను జర.”

“ఆగాలె బిడ్డా,” అంది లసుమవ్వ. “గంతే.”

చివరికి ‘యాహ’ అని పిలిచి, ఖాళీ పీట వైపు చూస్తూ కూర్చుంది. మరిగిన నీళ్లు పొంగి మంట మీద పడ్డాయి. కూలీలెవరూ కదల్లేదు. ఆమె చాలాసేపు ఆగింది. తర్వాత లేచి, గంప అందుకుని, పసుపు కడాయిలో పోసింది.